నారాయణమూర్తి గారి గదికి సాక్షులు కావలెను

విజయనగరంలో కోట వెనక సందులో కాపురమున్న నారాయణమూర్తి గారు తమ వీధి గదిని చట్టబద్ధం చేయ సంకల్పించారని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. గది కట్టి చాలాకాలమైంది. అందులో మనిషి చేరి నాలుగేళ్లయింది. చట్టం ఒక్కటే ఇంకా చేరలేదు.

ఆ మనిషి పేరు సీమోను. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని. ఒక వానాకాలం సాయంత్రం సైకిలు పంక్చరై ఆ ఇంటి అరుగెక్కాడు. నారాయణమూర్తి గారి భార్య సుభద్రమ్మ తల తుడుచుకోమని తువ్వాలిచ్చి, ఇంత పులుసన్నం పెట్టింది. మర్నాడు అతని ట్రంకుపెట్టె వచ్చింది. ఉండమని ఎవరన్నారో, ఉంటానని ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. అద్దె ఎంతో ఎవరూ అనలేదు. జీతం వచ్చినప్పుడు అతను వంటింటి గూట్లో ఏదో పెట్టేవాడు, ఆమె చూడకుండానే తీసుకునేది. ఆయన్ని మావ అనేవాడు, ఆమెను అత్త అనేవాడు. ఇంతటి అరాచకం ఒక రిటైరైన కోర్టు గుమాస్తా ఇంట్లో నడిచిందంటే నమ్మడం కష్టమే.

నారాయణమూర్తి గారికి పిల్లలు లేరు. కోర్టు కబుర్లు మాత్రం బోలెడు. రోజూ పొద్దుగూకే వేళ అరుగు మీద ఆయన చెబుతుంటే సీమోను వినేవాడు. మధ్యలో ఆయన మరిచిపోతే తరవాతి ముక్క అందించేవాడు కూడా. అటువంటి శ్రోత జడ్జీలకైనా దొరకడు.

ఇలా ఉండగా సాలూరు పిల్ల లీలారాణితో సీమోనుకు పెళ్లి కుదిరింది.

"పెళ్లయినాక కూడా ఇక్కడే మావా. నానెక్కడికెల్తాను" అన్నాడతను.

మరొకరైతే సంతోషించి ఊరుకునేవారు. ఈయన మాత్రం నోటిమాట నమ్మినవాళ్లందరినీ కోర్టు మెట్ల మీద చూసిన మనిషి. కొత్త పెళ్లాం మిల్లు దగ్గరే కాపురం పెడదామంటే ఏం గతి? ఉండిపోరా, నువ్వు లేకపోతే మాకు తోచదు అని చెబితే సరిపోయేది. కాని ఆ మాట ఏ సెక్షను కింద చెప్పాలో ఆయనకు తెలియదు. అందుకని స్టాంపు కాగితం తెచ్చారు.

కరారు బహు చక్కగా కుదిరింది. రెండవ పార్టీ గది విడిచి పోవలెనన్న నెలరోజుల ముందు నోటీసు ఇచ్చి, తగిన కారణము చూపవలెను. ఒకటవ పార్టీ పూర్వానుభవములు చెప్పునపుడు రెండవ పార్టీ అరుగు మీద హాజరు ఉండవలెను. చేపల పులుసు మర్యాదయే గాని హక్కు కాదు. ఈ ఆఖరు షరతు చెవిన పడి సుభద్రమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది.

"నా సేతి పులుసుని కోర్టుకెక్కిత్తావేటి? ఇన్నాళ్లూ ఆడు ఏ కాయితం సూసి తిన్నాడు?"

ఆమె అభ్యంతరం నమోదు కాలేదు.

రెండవ పార్టీ వివరాలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండాయి. తండ్రి పేరు జీవరత్నం. జీవనం మిల్లు పని. మతం క్రైస్తవం. కాగితం పట్టుకుని సాక్షి సంతకం కోసం ఆయన ఎదురింటి కిరాణా కొట్టు కూర్మయ్య దగ్గరికి వెళ్లారు. కూర్మయ్య కలం తీసుకుని, కాగితం చదివి, కలం కింద పెట్టేశాడు.

"ఇదేటి బావా, కిరస్తానం అని రాసీసినావు."

"కాడా?"

"కాదని ఎవులన్నారు? ఆ పండక్కి కేకు అందరికన్నా ముందు తినీది నానే గదా. తెలవడం యేరు, తెలుసునని సంతకం పెట్టడం యేరు. రేపు మా వియ్యంకుడు సూస్తే ఏటి సెప్పాలి?"

వాదనలో బలం ఉంది. సాయంత్రానికి ఆ బలం వీధంతా పాకింది. అంతవరకు సీమోనుతో కలిసి ఒకే నూతినీళ్లు తోడుకున్న వారందరూ తమకు ఒక విషయం తెలిసిపోయిందని తెలుసుకుని కలవరపడ్డారు. వీధి పెద్ద నరసింగరావు గారి అధ్యక్షతన సభ జరిగింది. ఆయన విశాలహృదయం పట్నమంతటికీ తెలుసు, ఆయనే చెప్పి ఉన్నారు.

"సోదరులారా, మనకు మతభేదం లేదు. ఉంటే ఇన్నేళ్లు ఆ కుర్రవాడు మన నూతిలో చేద వేసేవాడా? కాగితం లేనంతకాలం అతడు మనవాడే. మా అభ్యంతరం మనిషి మీద కాదు, మతం అన్న గడి మీద. ఆ గడి ఖాళీగా వదిలితే వీధి వీధంతా సంతకం చేస్తుంది. రాసి తీరుతానంటే మాత్రం, నూతి దగ్గర అతనికి వేరుగా రెండో బొక్కెన కూడా రాయక తప్పదు."

చప్పట్లు మోగాయి. ఇంత ఉదారమైన సవరణ శాసనసభలో కూడా రాదు.

"ఆ కాయితం పొయ్యిలో ఎట్టీ" అంది సుభద్రమ్మ. ధర్మం చెప్పింది. ఆయనకూ పెట్టేయాలనే ఉంది. కాని గుమాస్తాగిరీ మొత్తంలో గడి ఖాళీగా వదిలిన పాపం ఆయన ఎరుగరు. పొయ్యిలో పెట్టడం అంతకన్నా ఎరుగరు. అభ్యంతరం వచ్చిన మీదట దాన్ని దస్త్రంలో చేర్చడం విధాయకం గనుక, ఇష్టం లేకపోయినా, రెండో బొక్కెనను అనుబంధంగా రాసి కుట్టారు.

సీమోను కాగితమంతా నిలబడే చదివాడు. అనుబంధం రెండుసార్లు చదివాడు.

"దీనిమీద సంతకం నాను పెట్టలేను మావా. రేపు లీలారాణి వస్తాది. కాలెట్టిన రోజే ఏ బొక్కెన ముట్టుకోవాలో దానికి ఏటని సెప్పను? నెల్లిమర్లలో ఇల్లు సూసుకుంటాను."

నారాయణమూర్తి గారు వెళ్లొద్దురా, ఇది చింపేస్తాను అనబోయారు. అలవాటు పడిన నోరు.

"నెలరోజుల ముందు నోటీసు ఇవ్వాలి గదా" అని వచ్చింది.

"ఇచ్చినట్టే అనుకో మావా" అన్నాడు సీమోను.

పెళ్లికి ముందే అతను బండి కట్టించాడు. ఆ ఉదయం వీధి మొత్తం దిగివచ్చింది. కూర్మయ్య ట్రంకుపెట్టెకు తానే తాడు బిగించి, పెళ్లికి బెల్లం దిమ్మ ఊరికే ఇచ్చాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఇలాంటి కుర్రవాణ్ణి ఏనాడూ పరాయివాడిగా చూసి ఎరగమని నరసింగరావు గారు గద్గదస్వరంతో సెలవిచ్చారు. సుభద్రమ్మ వంటింట్లోంచి రాలేదు.

నారాయణమూర్తి గారికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందుకని గది ఖాళీ చేసినట్టు ఒక రసీదు రాశారు. తండ్రి పేరు, జీవనం, మతం, అన్నీ యథాప్రకారం నింపారు. సీమోను సంతకం చేశాడు. ఆయన భయపడుతూనే సాక్షుల కోసం చుట్టూ చూశారు.

కూర్మయ్య అడక్కుండానే కలం అందుకున్నాడు. నరసింగరావు గారు ఇంగ్లీషులో చేశారు. తరవాత తోసుకోవడం మొదలైంది. చదువురానివారు వేలిముద్ర వేశారు. కాగితం ముందువైపు నిండి వెనకవైపుకు తిరగవలసి వచ్చింది. వియ్యంకుల ప్రస్తావన ఎవరూ తేలేదు.

వెనకవైపు అడుగున ఇంకా కొంచెం జాగా ఉంది. సీమోను మంచివాడని మీరు కూడా ఒప్పుకుంటున్నారు గనుక, వచ్చి ఒక సంతకం పెట్టిపోవచ్చు. అతను వెళ్లిపోయాడు, భయం లేదు.