లేటుగా వచ్చిన సొమ్ము ఒంటికి మంచిది

రిటైరైన ఉద్యోగికి రావలసిన సొమ్మును రావలసిన రోజున చేతిలో పెట్టడమంత అన్యాయం ఇంకొకటి లేదు. పాపం, ఏం చేస్తాడా మనిషి? ఇంటికెళ్లి కాళ్లు చాపుకుంటాడు. నెల తిరిగేసరికి పొట్ట, ఆర్నెల్లకి షుగరు. అదే సొమ్ము ఆపి చూడండి. పొద్దున్నే గడ్డం గీసుకుంటాడు, ఇస్త్రీ చొక్కా తొడుగుతాడు, ఆఫీసుల చుట్టూ చకచకా తిరుగుతాడు. ఇంత శ్రద్ధ కన్నబిడ్డలు కూడా తీసుకోరు. నమ్మకం కుదరకపోతే మన హారన్ బాబాయి సంగతి వినండి.

సిటీ బస్సు డ్రైవరుగా బాబాయి బతుకంతా కూర్చునే పనిచేశాడు. గొంతు పెద్దది కాబట్టి డిపోలో ఆ పేరు స్థిరపడింది. ఆయనా పిన్నీ పాత భవనం మూడో అంతస్తులో అద్దెకుంటారు. లిఫ్టు లేదు. పిన్నికి మోకాళ్లు అరిగిపోయాయి. ప్రతి మలుపులోనూ గోడ పట్టుకుని ఆగేది; ఎవరైనా వస్తుంటే చెప్పులు సర్దుకుంటున్నట్టు నటించేది.

అదే భవనంలో కింది వాటా అమ్మకానికొచ్చింది. యజమాని మంచివాడు. "మీ సొమ్ము వచ్చాకే ఇద్దురుగాని బాబాయ్, ఆగుతాను" అన్నాడు. రిటైరైన సాయంత్రమే దంపతులిద్దరూ కిందికి దిగి, మంచం ఏ గోడ వారన వేయాలో కాసేపు పోట్లాడుకున్నారు.

ఇంతటి సుఖంలో పడి మనిషి పాడైపోతుంటే సర్కారు చూస్తూ ఊరుకుంటుందా? సొమ్ము ఆపింది.

బాబాయి నడక మొదలైంది. డిపో నుంచి హెడ్డాఫీసుకి, హెడ్డాఫీసు నుంచి డిపోకి. సంతకం ఉంటే సీలు లేదు, సీలు ఉంటే సారు లేడు. ప్యాంటు వదులై బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకున్నాడు. ఏ జిమ్ము చేస్తుందండీ ఈ పని? పైగా స్నేహాలు! వరండా బల్ల మీద పరిచయమైన, తనలాగే రిటైరైన నర్సమ్మా, పంపుహౌసు ఆపరేటరూ ఇంటి మనుషుల్లా కలిసిపోయారు. ఒకరికి సొమ్ము వచ్చేస్తే, బల్ల బోసిపోయిందని మిగతావాళ్లు దిగులుపడేవాళ్లు.

యజమాని ఏడాది ఆగాడు. తర్వాత ఆయనకీ అవసరం పడింది. కింది వాటాని ఒక కుర్ర జంట కొనుక్కుంది. వాళ్లు ఒళ్లు తగ్గడానికి రోజూ డాబా దాకా మెట్లెక్కి దిగుతారు, పరుగున. దారిలో గోడ పట్టుకున్న పిన్నిని దాటుతూ "హాయ్ ఆంటీ" అంటారు.

ఎట్టకేలకు సొమ్ము వచ్చింది. అసలు మాత్రమే. బాబాయి వడ్డీ అడిగాడు. మెత్తగా మాట్లాడే సెక్షన్ ఆఫీసరు చాలా నొచ్చుకున్నాడు.

"వడ్డీ ఏంటండీ? ఆలస్యం ఎవరూ కావాలని చేయలేదు. మీ డబ్బు ఇన్నాళ్లూ మా దగ్గర భద్రంగా ఉందా, లేదా?"

బయటికి రాగానే పక్క గదివాళ్లు పిలిచారు. అది స్టాఫ్ లోన్ల గది. సొమ్ము చేతికొచ్చాక తీరుద్దామని బాబాయి ఆపి ఉంచిన పాత లోను బాకీకి వడ్డీ, ఆ పైన ఆలస్యానికి జరిమానా అట.

"మీ డబ్బు కూడా నా దగ్గర భద్రంగానే ఉంది కదయ్యా" అన్నాడు బాబాయి.

గుమాస్తా నవ్వాడు. "అది వేరే గది బాబాయ్."

ఆ సాయంత్రం బాబాయి గొంతు పక్క వాటాకి వినిపించలేదు. పిన్ని జరిగిందంతా చెప్పించుకుంది.

"రేపు నేనొస్తా" అంది.

"ఆ ఆఫీసుకి రెండంతస్తులు ఎక్కాలి. నీవల్ల కాదే."

"రోజూ మూడు ఎక్కట్లా? మీరు మాత్రం నోరు తెరవకండి."

మర్నాడు ఆవిడ ఆయాసపడుతూ సెక్షన్ ఆఫీసరు గదిలోకి అడుగుపెట్టేసరికి ఆయన బీరువా దగ్గరున్నాడు. ఖాళీగా కనిపించిన కుర్చీ ఆయనదొక్కటే. కూర్చుంది. ఆయనే మంచినీళ్లిచ్చి, విషయం విని, "రూల్సులో లేదమ్మా. వెళ్లండి, చూస్తాం" అన్నాడు.

"వెళ్దామనే ఉంది నాయనా. కూర్చున్నానంటే ఈ మోకాళ్లు ఎప్పుడు లేవనిస్తాయో నాకే తెలీదు. కావాలని చేయట్లేదు. నీ కుర్చీ నా దగ్గర భద్రంగానే ఉంటుంది."

ఆఫీసరు నిలబడే ఫైళ్లు చూశాడు. నిలబడే ఫోన్లు మాట్లాడాడు. మధ్యాహ్నానికి ఆయన మోకాళ్లూ మొరపెట్టుకున్నాయి. రూల్సు పుస్తకం తెప్పించాడు. ఆలస్యానికి వడ్డీ ఇవ్వాలన్న రూలు అందులో మొదటినుంచీ ఉంది. ఇన్నాళ్లూ కూర్చుని చదవడం వల్ల కనిపించలేదు, అంతే.

వడ్డీ మంజూరైంది. అందులోంచి లోన్ల గది తన జరిమానా కోసుకుంది. ఇళ్ల ధరలు ఈలోగా దంపతులకి అందనంత పైకి, మూడో అంతస్తుకంటే పైకి వెళ్లిపోయాయి. మిగిలిన వడ్డీలో కొంత పెట్టి బాబాయి ఒక మంచి కుర్చీ కొని, మెట్ల మలుపులో వేశాడు. పిన్ని ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి అందులో కూర్చుంటుంది. ఆయన సంచి పట్టుకుని పక్కన నిలబడతాడు.

మొన్న పరుగున వస్తున్న కుర్ర ఇల్లాలు ఆగి అడిగింది. "ఇక్కడ కూర్చున్నారేంటి ఆంటీ?"

"మీ వాటాలోకి మారదామని బయల్దేరాం తల్లీ" అంది పిన్ని. "ఇంతవరకూ వచ్చాం."