చాముండేశ్వరి గారికో ఫౌంటెన్

ఆస్పత్రికి ముఖ్యంగా కావలసింది డాక్టర్లు అనుకుంటున్నారా? పొరపాటు. గోడలు!

గోడలుంటే పేర్లు రాయొచ్చు. పేర్లు రాస్తే విరాళాలొస్తాయి. విరాళాలొస్తే ఇంకో గోడ కట్టొచ్చు. మధ్యలో ఎక్కడో రోగులు కూడా వస్తారు. రానివ్వండి, ఎవరు కాదన్నారు?

నేను అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉంటాను. కాస్త దూరంలో ఒక ఆస్పత్రి ఉంది, అందులో విరాళాల విభాగంలో డేటా అనలిస్టుని. ఆస్పత్రి పేరు చెప్పను. నా హెచ్-1బి వీసా వాళ్ల చేతిలో ఉంది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనే మొదలు కాబట్టి, ఎక్కడ అక్షరం కనిపించినా ఆగి చదవడం నాకు అలవాటు. ఆ రకంగా మా ఆస్పత్రి నాకు పెద్ద లైబ్రరీ.

లిఫ్టుకి ఒకరి పేరు. లిఫ్టు ఎదురుగా ఉన్న కుర్చీకి ఇంకొకరిది. మంచినీళ్ల కుళాయి ఒక తాతగారి జ్ఞాపకార్థం. చేపల తొట్టి ఒక డెంటిస్టు దంపతులది. చేపలకి విడివిడిగా పేర్లు పెట్టే విషయం పరిశీలనలో ఉంది. మెటర్నిటీ వార్డు ముందున్న బెంచీ మీద పేర్లున్న జంట నిరుడు విడాకులు తీసుకున్నారు. బెంచీ ఎవరికి చెందుతుందో లీగల్ వాళ్లు ఇంకా తేల్చలేదు. అందాకా ఎవరూ కూర్చోకుండా తాడు కట్టాం.

దీన్ని న్యూసెన్స్ అనేవాళ్లున్నారు. ఎంత అన్యాయం! ఎమర్జెన్సీలో నాలుగు గంటలు కూర్చున్న మనిషికి చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండొద్దా?

ఒకసారి ఒకాయన గుండెనొప్పితో వచ్చి ఈసీజీ ఎక్కడ అని అడిగాడు. రిసెప్షన్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఫలానా ఫ్యామిలీ కారిడార్‌లో నేరుగా వెళ్లి, ఫలానా బ్రదర్స్ హాలు దాటి, ఫలానా మెమోరియల్ తలుపు తోయాలని. అక్కడికి చేరేసరికి ఆయనకి నొప్పే తగ్గిపోయింది. పైగా ఊళ్లో పెద్దమనుషులందరితో పరిచయమైంది!

ఇదంతా ఎవరి చలవ? చాముండేశ్వరి గారిది. ఇరవై నాలుగేళ్లు మా విభాగానికి ఆవిడే పెద్ద. అమెరికన్లు ఆవిణ్ణి "చామ్" అని పిలిచి చెక్కు రాస్తారు. మనవాళ్లు "నమస్తే చాముండేశ్వరి గారూ" అని పలకరించి పక్క గదిలోకి వెళ్లిపోతారు. ఇండియన్ స్టోర్‌లో ఆవిడ కనిపిస్తే, బెండకాయలు ఏరుతున్న డైరెక్టర్లూ వైస్ ప్రెసిడెంట్లూ సగం నిండిన కవరు అక్కడే వదిలేసి పార్కింగ్ లాట్‌కి పరుగెత్తడం నేను కళ్లారా చూశాను. ఒక గృహప్రవేశంలో ప్రసాదం చేతిలో పట్టుకునే ఆ ఇంటాయన చేత ఎక్స్‌రే గదికి విరాళం ఒప్పించారు. ఆయన కొత్తింటికి ఇంకా కర్టెన్లు కూడా కట్టలేదు!

అంతటావిడ 2012 జూన్‌లో రిటైరయ్యారు. ఒక్క గదికి మాత్రం దాతని తేలేకపోయారు.

ఆ గది బేస్‌మెంటులో ఉంది, లాండ్రీ పక్కన. శనివారం క్లినిక్ అనేవాళ్లం. ఇన్సూరెన్స్ లేనివాళ్లని అక్కడ ఇద్దరు ముసలి డాక్టర్లు ఉచితంగా చూసి, మందులిచ్చి పంపేవాళ్లు. గ్యాస్ స్టేషన్లలో పనిచేసేవాళ్లు, ఇళ్లు తుడిచేవాళ్లు, హోటళ్లలో వంటవాళ్లు. మనందరం లొట్టలేసుకుంటూ తినే బిర్యానీ వండే అంజయ్య అన్నకి షుగర్ మాత్రలు అక్కడే దొరికేవి. ఖర్చు అటూ ఇటూ సర్ది ఆవిడే నడిపించేవారు. రిటైర్మెంట్ మాట రాగానే పైవాళ్లు చెప్పేశారు: మీరు వెళ్లేలోగా దాత దొరికితే ఉంచుతాం, లేకపోతే గిఫ్ట్ షాపు సామాను పెట్టుకుంటాం.

ఏడాదంతా అడిగారు. దాతలేమో "బేస్‌మెంటా?" అన్నారు. "అక్కడికొచ్చేవాళ్లు మా పేరు చదివి ఏం చేస్తారండీ?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే కదా! షుగరుతో చూపు మందగించినవాళ్లు అసలు ఎలా చదువుతారు?

ఇక ఆవిడ వీడ్కోలు సభ. బ్యాంక్వెట్ హాలు నిండా జనం. మన తెలుగు సంఘం ప్రెసిడెంటు పద్మనాభం గారు మైకు పట్టుకున్నారు.

"అమ్మా, ఊళ్లో అందరి పేర్లూ గోడలెక్కించారు. మీ పేరు మాత్రం ఎక్కడా లేదు! అందుకే ఆస్పత్రి ముందు మీ పేర ఫౌంటెన్ కట్టిస్తున్నాం. డబ్బు రెడీ!"

చాముండేశ్వరి గారు మైకు అందుకున్నారు. "చాలా సంతోషం పద్మనాభం గారూ. నాకు ఫౌంటెన్ వద్దు. ఆ డబ్బు శనివారం క్లినిక్‌కి ఇవ్వండి, మూడేళ్లు నడుస్తుంది. దానికి మీ పేరే పెట్టుకోండి."

మన పద్ధతి తెలియని అమెరికన్లు కాస్త కంగారుపడ్డారు. మనం పడలేదు. సన్మానం అన్నాక పుచ్చుకునేవాళ్లు వద్దనాలి, చేసేవాళ్లు వినకూడదు. "నేనెంతటిదాన్ని" అనని మనిషికి మనం ఎప్పుడైనా శాలువా కప్పామా?

"చూశారా నిరాడంబరత!" పద్మనాభం గారు శాలువా కప్పారు. చప్పట్లు.

"నిరాడంబరత కాదండీ బాబూ! నిజంగానే వద్దంటున్నాను."

ఇంకా గట్టిగా చప్పట్లు. రెండో శాలువా.

"అయ్యా, ఒక్క నిమిషం నా మాట..."

హాలంతా లేచి నిలబడింది. మూడో శాలువా మైకుని కూడా కప్పేసింది.

ఆవిడ ముందు వరసలో ఉన్న నా వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పు నాయనా. క్లినిక్ వివరాలన్నీ నీ దగ్గరున్నాయిగా."

ఉన్నాయి. చెప్పగలను. కానీ నా గ్రీన్‌కార్డ్ కాగితాలు ఆ వారమే పైవాళ్ల దగ్గరికి వెళ్లాయి. ఆ పైవాళ్లు రెండో టేబుల్ దగ్గర గులాబ్‌జామ్ తింటున్నారు. నేను బాధ్యత తెలిసినవాణ్ణి. లేచి నిలబడ్డాను. అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

ఆగస్టుకల్లా ఫౌంటెన్ తయారైంది. మూడంతస్తులు, రంగుల దీపాలు, నల్లరాతి మీద ఆవిడ ఫోటో. మూడు నెలలకోసారి మాత్రలకి వచ్చే అంజయ్య అన్న మొన్న శనివారం దాని ముందు నిలబడి ఉన్నాడు.

"తమ్మీ, కింద తాళమేసిండ్రేంది?"

"క్లినిక్ మూసేశారన్నా."

"అయ్యో! గీమె మన మేడమే గదా. ఎప్పుడు సచ్చిపోయింది పాపం?"

"లేదన్నా, నిక్షేపంగా ఉన్నారు. రిటైరయ్యారంతే."

"బతికున్నోళ్లకు గిట్ల కట్టిండ్రా!" నవ్వాడు. తర్వాత జేబులోంచి మాత్రల సీసా తీసి ఊపి చూపించాడు. "నాలుగు రోజులకొస్తయ్." కాసేపు ఫౌంటెన్ కేసి చూశాడు. "నీళ్లయితే మస్తుగున్నయ్ తమ్మీ."

చాముండేశ్వరి గారు ఇరవై నాలుగేళ్లు మర్యాదగా అడిగారు. నేను అంత మంచివాణ్ణి కాదు.

అయ్యా, అమ్మా! బేస్‌మెంటులో ఒక గది ఉంది. పన్నెండు కుర్చీలు, ఒక బరువు తూచే మిషను, కిటికీలు లేవు. తలా ఇంత వేసుకుంటే మళ్లీ తెరవొచ్చు. ఇది చదివిన ప్రతివారి పేరూ దాతల జాబితాలోకి ఎక్కిస్తున్నాను. వద్దంటారా? అనండి. మీ నిరాడంబరత నాకు తెలియదా! ఎంత గట్టిగా వద్దంటే అంత పెద్ద అక్షరాలతో చెక్కిస్తాను.