మంత్రిగారి లేబుల్ రీకాల్

గిరిజన యువతకు పంచిన బ్యాటరీ ఆటోలన్నింటినీ వెనక్కి పిలిపిస్తున్నట్టు మంత్రిగారు భద్రాచలంలో ప్రకటించారు. బ్యాటరీ పెట్టె మీద హెచ్చరిక లేబుల్ అతికించడం కంపెనీ మరిచిపోయిందట. "లేబుల్ లేని బ్యాటరీతో నా ప్రజలు తిరుగుతుంటే నాకు నిద్ర పట్టదు" అన్నారు. ఆటోలు రోడ్డెక్కి రెండేళ్లయింది. అన్నాళ్లూ ఎలా పడుకున్నారో, పాపం.

చర్ల అడవి దారిలో ఆటో నడిపే బొజ్జయ్యకు ఈ కబురు వినగానే ప్రాణం లేచొచ్చింది. అతని బ్యాటరీకి వేడి రోగం. కాస్త దూరం పోతే చాలు, వెనక సీటు పెనంలా కాలుతుంది. అందుకే పెట్టె మీద తడి గోనెసంచి కప్పి, వెనక కూర్చున్నవాళ్లలో ఒకరికి నీళ్ల డ్యూటీ ఇస్తాడు. వాగు వచ్చినచోటల్లా సీసా నింపాలి, సంచి తడపాలి. డ్యూటీ చేసినవాళ్లకు కిరాయి లేదు. ఆ సీటు కోసం ఊళ్లో ముసలివాళ్లు జుట్లు పట్టుకుంటారు.

"కొత్త బ్యాటరీ ఇస్తరంటవా?" అంది భార్య చిన్నక్క.

"ఊకెనే పిలుస్తరా ఏంది? ఇయ్యకుంటే బండి మూలకే. మనం మళ్ల కూలికే."

రీకాల్ రోజు భద్రాచలం దాకా నీళ్ల డ్యూటీ చిన్నక్కదే. బండికి బంతిపూల దండ కూడా కట్టింది.

మైదానంలో షామియానా, బ్యాండు మేళం. ఆఫీసర్ రవీందర్ ప్రతి బండినీ క్షుణ్ణంగా పరీక్షించాడు. పరీక్ష అంటే, లేబుల్ లేదని చూసి లేదని రాసుకోవడం.

"సారూ, లేబుల్ సంగతి తర్వాత. బ్యాటరీ కాలుతాంది. పొగ గూడ వస్తాంది."

"పొగ ఇందుల రాదయ్యా. ఇది లేబుల్ రీకాల్. పొగ రీకాల్ వచ్చినప్పుడు రా."

"గదెప్పుడొస్తది?"

"కంపెనీ ఒప్పుకోవాలె గదా! జల్దీ ఆ గోనెసంచి తియ్యి. ఫొటోల గలీజుగుంటది."

"అది తీస్తే మండుతది సారూ" అంది చిన్నక్క.

"తియ్యమ్మా!"

తీసింది.

దండ ఉంది కాబట్టి మంత్రిగారు బొజ్జయ్య ఆటోనే ఎక్కారు. మైదానం చుట్టూ తిరిగి వచ్చి స్వహస్తాలతో లేబుల్ అతికిస్తారని ప్రోగ్రాం. ఒక చుట్టు అయింది. ఫొటో సరిగా రాలేదన్నారు. ఇంకో చుట్టు. తర్వాత టీవీవాళ్ల కోసం ఇంకోటి.

"ఏందయ్యా, సీటు ఎచ్చగుంది?" అన్నారు మంత్రిగారు.

"తమరు కూసున్నరు గదా సార్, పవర్!" అన్నాడు పక్కనున్న అనుచరుడు.

ఆటో ఆగింది. రవీందర్ లేబుల్ వెనక కాగితం ఊడదీసి, గమ్ము వైపు ముందుకు పెట్టి, రెండు చేతులతో భక్తిగా పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే సీటు కింద నుంచి పొగ లేచింది.

"నీళ్లు!" అలవాటు కొద్దీ అరిచాడు బొజ్జయ్య. చిన్నక్క తడి సంచితో పరుగెత్తింది. మంత్రిగారు ఒక్క ఉదుటున వెనక్కి దూకి, వీపుతో రవీందర్ చేతుల్లో పడ్డారు.

పొగ ఆగింది. మంత్రిగారు వేదికెక్కి మైకు అందుకున్నారు. "చూసిన్రా! లేబుల్ లేకుంటే ఎంత డేంజరో! ఇగ భయం లేదు!" అని, వేదిక మీదే వెనక వరసలో కూర్చున్న పెద్దలకు దండం పెట్టడానికి అటు తిరిగారు. తెల్లచొక్కా వీపు మీద ఎర్రటి అక్షరాలు జనానికి తేటగా కనిపించాయి: 'హెచ్చరిక. లోపల వేడి ఎక్కువ. తాకరాదు. దూరంగా ఉండండి.'

జనం చప్పట్లు ఆపలేదు. మంత్రిగారు మురిసిపోయారు. అనుచరులు చదువుకున్నవాళ్లు. పీకే ధైర్యం లేక, కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు.

సభ ముగిశాక రవీందర్ బొజ్జయ్య బండి చక్రానికి గొలుసు వేశాడు.

"గిదేంది సారూ?"

"అన్ని బండ్లకు అతికిచ్చినం. నీ దానికే లేదు. లేబుల్ లేని బండి గేటు దాటొద్దని ఆర్డర్."

"ఇంకోటి అతికియ్యి."

"బండికొకటే. నంబరేసి వచ్చింది."

"మరి నాదేది?"

రవీందర్ గొలుసుకు తాళం పెట్టాడు. చిన్నక్క ఖాళీ సీసాతో గేటు వైపు చూపించింది.

"గదిగో, సైరనేసుకొని పోతాంది."