ఒక్క పూటకి అద్దాల ఆఫీసు

వీధిలో అందరూ ఆయన్ని విమానాలాయన అంటారు. సొంతానికి సైకిలు కూడా లేని మనిషికి ఆ పేరు ఉద్యోగం వల్ల వచ్చింది. ఎక్కడో ఉన్న ఒక కంపెనీ, వ్యాపారస్తుల సొంత విమానాలు ఏ ఊళ్ళో దిగితే అక్కడ సేవలు చేస్తుంది. ఈ ప్రాంతానికి దాని ప్రతినిధి ఈయన. చిన్న విమానం దిగుతోందంటే ఇంధనం బండి, అనుమతులు, కారు, హోటల్లో గది, తిరుగు ప్రయాణానికి భోజనం పెట్టెలు, అన్నీ చూడాలి. ఇరవైమంది స్థానిక సిబ్బందితో చూస్తున్నానని ఆయన కంపెనీకి చెప్పుకున్నాడు. ఆ ఇరవైమందిలో ఒకరు ఆయన భార్య, ఇంకొకరు కారు నడిపే బావమరిది. మిగతా పద్దెనిమిదిమంది ఇంకా పుట్టలేదు.

ఆ రోజు కంపెనీ చైర్మన్ స్వయంగా వస్తున్నాడు. ఈ ప్రాంతాన్ని ఈయన దగ్గరే ఉంచాలా, ఎయిర్‌పోర్టు ఎదుట కొత్తగా మేడ కట్టిన పోటీ సంస్థకి ఇచ్చెయ్యాలా అన్నది ఆఫీసు చూసి తేలుస్తాడట. ఆఫీసంటే ఇంట్లో ముందుగది. అందులో ఒక మేజా, రెండు ఫోన్లు, ఇస్త్రీకి ఎదురుచూస్తున్న బట్టల గుట్ట ఉన్నాయి. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకెవరూ పిలిచి కుర్చీ వెయ్యరని ఆయన భయం.

"కింద పళ్ళ డాక్టరుగారి క్లినిక్కుకి అద్దాల తలుపుంది, సోఫాలున్నాయి, చేపల తొట్టి కూడా ఉంది. ఒక్క పూటకి వాళ్ళ బోర్డు మీద మన బోర్డు తగిలిద్దాం," అన్నాడు గడ్డం గీసుకుంటూ.

"మొక్కలకి నీళ్ళు పొయ్యమని తాళమిచ్చి ఇందాకే ఊరెళ్ళాడండీ పాపం, ఆఫీసు పెట్టుకోమని కాదు," అంది భార్య, హోటలువాళ్ళతో మాట్లాడుతున్న ఫోనుకి చెయ్యి అడ్డంపెట్టి. "ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఏం పోతుంది?"

"ఉద్యోగం పోతుంది. పైన పటారం ఉండాలే! లోన లొటారమని ఎవడు తొంగి చూస్తాడు? నువ్వు ఊరుకో."

ఆవిడ మళ్ళీ హోటలువాళ్ళ ఫోనందుకుంది. ఆయన స్టూలెక్కి బోర్డు తగిలించి, బావమరిదిని తీసుకుని ఎయిర్‌పోర్టుకి బయల్దేరాడు.

అక్కడికి చేరిన దగ్గర్నించీ భార్య ఫోన్లే ఫోన్లు. ఉప్పో పప్పో తెమ్మంటుందనుకుని ఆయన ప్రతిసారీ కట్ చేశాడు. ఇంతలో విమానం దిగింది. చైర్మన్ ఒక బుగ్గ పొంగించుకుని, దాని మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగాడు. నమస్కారం పెడితే మూలిగాడు తప్ప మాట్లాడలేదు. అంత బుంగమూతి చూసేసరికి విమానాలాయనకి ఒకటే తోచింది. ఆఫీసు సంగతి ఎవరో ముందే చెవిన వేసి ఉంటారు!

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇంధనం బండివాడు సంతకం పెట్టే మనిషి పక్కన లేకపోతే చుక్క కూడా పొయ్యనన్నాడు. ఆయన బావమరిదిని పక్కకి లాగాడు.

"సార్‌ని తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టు. ఆఫీసు గురించి ఎవరేమడిగినా, నేనే అడిగినా సరే, నోరు మెదపకు."

"సరే బావా."

బావ చెప్పింది బావమరిది తు.చ. తప్పకుండా పాటించడం అదే మొదటిసారి.

ఇంధనం గొడవ తెమిలేసరికి చాలాసేపయింది. ఆయన ఆదుర్దాగా బావమరిదికి ఫోన్ చేశాడు.

"చేరారా?"

జవాబు లేదు.

"కోపంగా ఉన్నాడా?"

జవాబు లేదు. వెనకనించి ఏదో యంత్రం గుయ్యిమంటోంది. దాని మీద ఎవరిదో "ఆ... ఆ..." అనే ఆర్తనాదం.

"ఎవర్నైనా కొడుతున్నాడేంట్రా?"

"తల గట్టిగా పట్టుకో బాబూ, కదలనివ్వకు!" అని దూరంనించి ఎవరో అరిచారు. ఫోను కట్టయింది.

విమానాలాయన టాక్సీలో ఎగిరొచ్చి పడ్డాడు. కంపెనీ బోర్డు కింద అద్దాల తలుపు తోసి చూస్తే, చైర్మన్ కుర్చీలో వెల్లకిలా ఉన్నాడు. బావమరిది ఆయన తలని రెండు చేతులా పట్టుకున్నాడు. ఊళ్ళో లేడనుకున్న పళ్ళ డాక్టరు, పట్టకారుతో ఒక దంతాన్ని దీపానికెత్తి మురిపెంగా చూసుకుంటున్నాడు.

"క్షమించండి సార్!" అని విమానాలాయన చేతులు జోడించాడు. "ఇది మా ఆఫీసు కాదు."

చైర్మన్ నోటినిండా దూది. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. అది కోపమనుకుని ఈయన మిగిలిందీ కక్కేశాడు.

"ఇరవైమంది లేరు సార్, ఉన్నది ఇద్దరే. పైలట్లతో మాట్లాడేదీ, హోటళ్ళు చూసేదీ, భోజనాలు సర్దేదీ మా ఆవిడే. నేను... సంతకాలు పెడతాను."

"నన్ను సగం దారిలోంచి వెనక్కి రప్పించిందీ ఆవిడే," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

అప్పుడే ఐసుముక్కలు గుడ్డలో చుట్టుకుని భార్య లోపలికొచ్చింది. "సార్‌కి పన్నుపోటని పైలట్ విమానంలోంచే ఫోన్ చేశాడు. మీకు చెబ్దామంటే మీరు ఎత్తితేగా! డాక్టరుగారూ, విమానంలోకి మెత్తటి భోజనమే సర్దించాను, పరవాలేదుగా?"

చైర్మన్ దూది ఉమ్మేసి, తిమ్మిరెక్కిన నాలుకతో మెల్లగా అన్నాడు. "నొప్పికి తట్టుకోలేక బయల్దేరేముందు ఆ మేడవాళ్ళకీ ఫోన్ చేశాను. ఆఫీసు తెరిచాక చూస్తామన్నారు. ప్రతినిధి పదవి ఈ ఇంట్లోనే ఉంటుంది."

పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి విమానాలాయన చెయ్యి చాచాడు. చైర్మన్ ఆ చేతిని దాటి ఆవిడకి నమస్కారం పెట్టాడు.

"రేపట్నించి ప్రతినిధి మీరేనమ్మా."

"మరి నేను సార్?"

"ఆవిడకి స్థానిక సహకారం."

అంతవరకూ నోరు మెదపని బావమరిది పకపకా నవ్వాడు. విమానాలాయనకి సిగ్గేసింది. కానీ లేని పద్దెనిమిదిమందిని ఇక మొయ్యక్కర్లేదనేసరికి, సిగ్గుని మించి హాయిగా కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆయన కాఫీ కలిపి పట్టుకెళ్ళి ముందుగది తలుపు తట్టాడు.

"పైలట్ లైన్లో ఉన్నాడండీ, కాసేపాగండి," అని లోపల్నించి జవాబొచ్చింది.

కొత్తగా చేరిన ఉద్యోగి కదా, ఆగాడు.