పది లక్షల మూడు లీటర్ల సమన్యాయం

మా ఊరి ఎండాకాలపు నీటి సమస్య గణితశాస్త్రం సాయంతో శాశ్వతంగా పరిష్కారమైందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాం.

మాది బేతంచెర్ల పక్క ఊరు. బండలకు కొదవ లేదు, కొదవంతా నీళ్లకే. ఈ వేసవికి మా ట్యాంకులోకి వదిలిన నీళ్లు మీటరు ప్రకారం సరిగ్గా 10,00,003 లీటర్లు. ఊళ్లో వీధులు మూడు. పంపిణీ సంఘానికి నిబంధన ఒక్కటే: లీటరు కూడా మిగలకుండా సమానంగా పంచవలెను. నిరుడు మిగిలిన రెండు బిందెల కోసం నాలుగు తలకాయలు పగిలాయి. వాటి గౌరవార్థం పెట్టుకున్న నిబంధన అది.

మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. సంఘం అధ్యక్షులు ఓబన్న గారు వెంటనే కొళాయిలకు తాళం వేయించి, లెక్కల మాస్టరు సుధీర్‌ను పిలిపించారు. ఓబన్న గారికి ఊరి చివర బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఊరంటే ప్రేమ కూడా ఉంది.

సుధీర్ రెండుతో మొదలుపెట్టి వెయ్యి దాకా భాగించుకుంటూ పోయాడు. నాలుగు రోజులు పట్టింది. ఊళ్లో బిందెలన్నీ ఎండాయి.

"ఇది ప్రధాన సంఖ్య సార్. ఒకటీ, తనూ తప్ప దీన్ని ఇంకేదీ నిశ్శేషంగా భాగించదు."

చప్పట్లు మోగాయి. పక్క ఊరికి వచ్చిన నీళ్ల లెక్క ఉత్త సరి సంఖ్య. ఎవరు పడితే వాళ్లు భాగించే సంఖ్యకు మర్యాదేముంటుంది? సాయంత్రానికల్లా ఫ్లెక్సీ లేచింది. అందులో సంఖ్య చిన్నది, ఓబన్న గారు పెద్దవారు.

సభలో భీమమ్మ లేచింది. "ఏమప్పా, మిగిలేది ఒక్క లీటరే గదా, నీ ముందరుండే బాటిలంత. దాన్ని ఏ దూడకో పోసి, కడమ నీళ్లు మూడు వీధులకూ ఇడిస్తే సరిపాయ. నా కోడలు బాలింత. ఇంట్లో చెంబుడు నీళ్లు ల్యావు."

నీళ్లు పారబోయమనడం ఎంత ఘోరమో ఓబన్న గారు అరగంట వివరించారు. మధ్యలో ఆ బాటిల్ తెరిచి రెండు గుక్కలు తాగి, మిగతాదాంతో మొహం కడుక్కున్నారు.

ఇక శాస్త్రం ప్రకారం దారులు రెండే. పది లక్షల ముగ్గురికి తలా లీటరు, లేదా ఒక్కరికే మొత్తం. ఓటర్ల జాబితాలో చచ్చినవాళ్లను కలిపినా రెండు వేలు దాటలేదు. కనుక ఒక్కరికే అని తీర్మానించాం. ఆ ఒక్కరు ఎవరని అడిగేంత అమాయకులు ఈ కథ చదవరు. ఓబన్న గారు వద్దు వద్దంటూనే ఒప్పుకున్నారు. శేషం సున్నా.

ఆ నీళ్లతో ఫ్యాక్టరీలో పాలిష్ చేసిన మొదటి బండ మీద ఆ సంఖ్య చెక్కించి కొళాయి దగ్గర నిలబెట్టారు. మేమంతా వెళ్లి అందులో మొహాలు చూసుకున్నాం.

భీమమ్మ రాలేదు. బిందె తీసుకుని పక్క ఊరికి పోయింది. తిరిగొచ్చి, బాలింతకు కావలసినన్ని ఉంచుకుని, గుమ్మం ముందు చేరిన మా పదిమందికీ తలా చెంబు పోసింది. మాలో ఎవరికి గుక్కెడు ఎక్కువ పడిందో తేల్చమని అప్పుడే ఓబన్న గారికి అర్జీ పెట్టుకున్నాం.