చిప్పు ముందా, టీకా ముందా

ఆ ఉదయం డాక్టరుగారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి విమానం దిగుతుంది. తొమ్మిదిన్నరకు కుక్క పరీక్ష. పదింటికల్లా అత్తగారినీ కుక్కనూ కారెక్కించి ఇంట్లో దింపడం. ఎనిమిదో నెల నిండుతున్న భార్య గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

"ఏమండీ, ఈ ఒక్కరోజూ చట్టం సెక్షన్లు తియ్యకండి. పురుడు వేళకి మా అమ్మ నా పక్కనుండాలి. అంతే."

"నేనేం చేస్తానే? కాగితాలన్నీ లక్షణంగా ఉన్నాయి" అన్నాడాయన, బూట్లు తొడుక్కుంటూ.

విదేశాల నుంచి వచ్చే కుక్కలకు విమానాశ్రయంలో ఆరోగ్య పరీక్ష చేసే ఆఫీసు ఆయనది. పదిహేనేళ్ల సర్వీసు. వెనకాల అందరూ సెక్షను డాక్టరు అంటారు. చట్టం ప్రకారం కుక్క మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్ ఉండాలి. ముందు చిప్పు పెట్టించాలి, తరువాతే రేబీస్ టీకా వేయించాలి. వరస తారుమారైతే ఆ టీకా చెల్లదు. "చిప్పు లేని రోజున పొడిచిన సూది ఈ కుక్కకే పొడిచారని ఎవరు చెప్పొచ్చారండీ?" అని ఆయన అడిగితే ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పలేని వాళ్ల కుక్కలు ముప్పై రోజులు క్వారంటైన్‌లో ఉండేవి.

అత్తగారు విదేశంలో బడి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. అయిదేళ్ల కిందట కూతురి పెళ్లికి కుక్కను తెచ్చుకుంటానంటే, కాబోయే అల్లుడు ఫోనులో పదకొండో సెక్షను మొత్తం చదివి వినిపించాడు. ఆవిడ ఒంటరిగా వచ్చి, పెళ్లి చూసి, మర్నాడే విమానమెక్కింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు కూతురి పురుడని ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. చిన్నోడు కూడా రావాలి. చిన్నోడంటే కుక్కే. కొడుకులు లేని లోటు దానితో తీర్చుకుంది. భార్య దాన్ని తమ్ముడంటుంది. ఆ లెక్కన అది డాక్టరుగారికి సాక్షాత్తూ బావమరిది.

బంధువుల జంతువును తాను పరీక్షించకూడదు గనక, ముందురోజే ఆ ఫైలును, ఉద్యోగంలో చేరి మూడు నెలలైన కొత్త డాక్టరమ్మకు అప్పగించాడు. "నా మొహం చూడకు, కాగితం చూడు" అని గట్టిగా చెప్పాడు కూడా. అయితే ఒక్క సంగతి చెప్పలేదు. దరఖాస్తు ఫారం ఆఫీసరు నింపకూడదు. అత్తగారు ఎక్కడ తప్పు రాస్తుందోనని ఈయన ఫోనులో తేదీలు అడిగి, ఇంట్లో కూర్చుని తానే నింపాడు.

తొమ్మిదీ నలభైకి డాక్టరమ్మ ఫారం పట్టుకుని వచ్చింది.

"సార్, చిక్కొచ్చి పడింది. టీకా మూడో తారీకున వేయించారు. చిప్పు ఇరవయ్యోన పెట్టించారు."

డాక్టరుగారు ఫారం చూశాడు. తన దస్తూరీయే. పాత ఫారంలో చిప్పు గడి ముందు, టీకా గడి తరువాత ఉండేవి. పోయిన నెల అచ్చయిన కొత్త ఫారంలో అవి అటూ ఇటూ అయ్యాయి. పదిహేనేళ్లు అలవాటు పడ్డ చెయ్యి పైన ఏముందో చదవకుండా రాసుకుపోయింది.

"ఏదో పొరపాటయి ఉంటుందిలే..."

"పొరపాటైతే చట్టం ఊరుకుంటుందా సార్? మీరేగా చెప్పారు! కుక్కని వేరే గదిలో పెట్టి తాళం వేయించాను. ముప్పై రోజులు."

అద్దం తలుపు అవతల అత్తగారు బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. పరీక్ష హాల్లో పిల్లలకు కాపలా కూర్చున్నదానిలా కళ్లు ఆర్పడం లేదు. డాక్టరుగారు నవ్వబోయాడు గాని మొహం సహకరించలేదు.

"అత్తయ్యగారూ, చిన్నోడి టీకా పుస్తకం మీ దగ్గరుందా?"

"విమానంలో వాడొచ్చిన పెట్టెలోనే, పరుపు కింద పెట్టానండి. పోకుండా ఉంటుందని. ఏం, ఏమైనా తేడానా?"

"అబ్బే! ఏం లేదు, రెండు నిమిషాలు."

అప్పుడే ఫోను మోగింది. "బయల్దేరారా?" అంది భార్య. "ఇదిగో, దాదాపు" అన్నాడు. అయిదు నిమిషాలకు మళ్లీ మోగింది. ఈసారి తీయలేదు. ఆ ఫారం నేనే నింపానని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ చెప్పడానికి నోరు రావాలిగా! పదిహేనేళ్లు ఇతరుల తప్పులు పట్టిన నోరాయె. పుస్తకం చేతికొస్తే ఎవరికీ తెలియకుండా సరిచేయొచ్చనుకుని, గోడకున్న తాళంచెవి తీసుకుని, కుక్క ఉన్న గదిలోకి దూరాడు. రక్షణ దుస్తులు లేవు, చేతికి తొడుగైనా లేదు.

చిన్నోడు పెట్టెలో ఆ పరుపు మీదే పడుకుని ఉంది. "బాబ్బాబూ, కాస్త జరుగు" అంటూ డాక్టరుగారు చెయ్యి పెట్టాడు. అది జరగలేదు. ఇంకాస్త లోపలికి పెట్టాడు. అది ఆప్యాయంగానే చొక్కా చెయ్యి నోట కరుచుకుంది. లాక్కోబోతే పన్ను తగిలి మణికట్టు మీద గీరుకుంది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ తలుపు తీసింది.

"సార్! టీకా తేలని కుక్క గదిలో ఉత్తచేతుల్తోనా? గీరుకుంది కూడాను! అసలెందుకెళ్లారు?"

ఏదో ఒకటి చెప్పాలి. "మా అత్తయ్యగారి మందుబిళ్లలు... ఆ పెట్టెలో ఉన్నాయి. అందుకని."

డాక్టరమ్మ ఆయన గాయం సబ్బుతో పావుగంట కడిగించి, పక్కనున్న పరిశీలన గదిలో కూర్చోబెట్టి గడియ వేసింది. కుక్క సంగతి తేలేదాకా ఆయన కదలకూడదు. తరువాత అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అమ్మగారూ, మీరు రోజూ ఏం మందులు వాడతారు?"

"మందులా? నేనా? నాకు ఏ రోగమూ లేదమ్మాయ్. ముప్పై ఏళ్లలో ఒక్క సెలవు పెట్టలేదు."

డాక్టరమ్మ కాసేపు ఆలోచించింది. మందులు ఆవిడవి కాకపోతే కుక్కవే. కుక్క మందులు వాడుతోందంటే దానికి జబ్బుంది. జబ్బుండీ ఫారంలో రాయలేదంటే దాచినట్టే. జబ్బు దాచిన కుక్కకు క్వారంటైన్ కూడా లేదు. దాన్ని తరువాతి విమానంలో వెనక్కి పంపాలి. ఆ విమానం పన్నెండింటికి.

"చిన్నోడు వెళితే నేనూ వెళతాను. నాకూ ఒక సీటు చూడమ్మాయ్" అంది అత్తగారు. సంచిలోంచి పసిపిల్ల స్వెట్టరొకటి తీసి, బల్ల మీద పెట్టింది. "ఇది మా అమ్మాయికిమ్మని అల్లుడుగారితో చెప్పు. ఒక చెయ్యి అల్లడం ఇంకా అవలేదు."

పరిశీలన గది అద్దంలోంచి డాక్టరుగారు ఇదంతా చూస్తూనే ఉన్నాడు, ఆ గోడకు ఈ గోడకు తిరుగుతూ. ఫోను మోగుతూనే ఉంది. చివరికి తీశాడు.

"అమ్మ ఫోన్ చేసిందండీ. వెళ్లిపోతోందట! అసలేం చేశారు మీరు?" భార్య ఏడుస్తోంది. "తప్పెవరిదండీ?"

డాక్టరుగారు ఫోను పెట్టకుండానే అద్దం దబదబా బాదాడు.

"నాది! తప్పు నాదే! ఆ ఫారం నింపింది నేను. గడులు చూసుకోకుండా నింపాను. మందుల్లేవు, మాకుల్లేవు, అబద్ధమాడాను. పరుపు కింద పుస్తకముంది, చూడమ్మా!"

డాక్టరమ్మ రక్షణ దుస్తులు వేసుకుని లోపలికి వెళ్లింది. చిన్నోడు ఆమెకు మర్యాదగా లేచి చోటిచ్చింది. మెడ దగ్గర స్కానరు పెడితే చిప్పు నంబరు పలికింది. పుస్తకంలోనూ అదే నంబరు. చిప్పు మూడో తారీకు, టీకా ఇరవయ్యో తారీకు. పదకొండున్నరకల్లా చిన్నోడు స్వేచ్ఛాజీవి అయ్యాడు.

అత్తగారు అద్దం దగ్గరికి వచ్చి అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"అయిదేళ్ల కిందట ఫోన్లో సెక్షను చదివే బదులు ఇలా మనసు విప్పి మాట్లాడి ఉంటే బావుండేది అల్లుడుగారూ."

"క్షమించండి అత్తయ్యగారూ. ఉండిపోండి. మీ అమ్మాయి మీకోసం కాచుకునుంది."

"ఉంటాను లెండి. ముందు మీరు బయటికి రండి."

కానీ ఆయన బయటికి రావడానికి లేదు. ఆ గదిలోంచి ఎవరిని వదలాలన్నా విడుదల ఫారం కావాలి. మనుషుల కోసం అలాంటి ఫారం ఆఫీసులో అచ్చు వేయించలేదు. కాగితం లేనిదే గడియ తీయనని డాక్టరమ్మ భీష్మించుకుంది. అలా తయారు చేసింది ఆయనే గనక ఏమీ అనలేకపోయాడు. చివరికి కుక్కల ఫారమే తీసి అత్తగారికిచ్చింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ప్రతి గడినీ రెండుసార్లు చదివి, పైకి చెప్పుకుంటూ నింపసాగింది.

"జాతి, మనిషి. టీకాలు, ఈయన పుస్తకం ఇంట్లో ఉంది. స్వభావం..." కళ్లెత్తి అల్లుణ్ణి చూసింది. "కాస్త మొండి. అయినా చివరికి మాట వింటారు."

ఆఖరున 'యజమాని' అన్న గడి ఉంది. అందులో కూతురి పేరు గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేసింది.

డాక్టరుగారు అలవాటు కొద్దీ ఆ ఫారం పైనుంచి కిందిదాకా పరీక్షించి చూశాడు గాని, ఒక్క తప్పు కూడా దొరకలేదు.