ఆర్వల్ కట్టిన రిబ్బన్లు

శనివారం ఉదయం పని తేలికైనదే. వాగు ఒడ్డున డేగలు మకాం పెట్టే పొడుగు చెట్లు కొట్టేసి, కొమ్మల్ని కుప్పలు పోస్తే పూరేడు పిట్టలు వాటి కింద తలదాచుకుంటాయి. అమెరికాలో, మిస్సోరి రాష్ట్రంలోని ఒక వేటగాళ్ళ సంఘానికి పూరేళ్ళంటే ప్రాణం. నవంబరులో ఎటూ కాలుస్తారు కనుక అప్పటిదాకా మరీ ప్రాణం.

ముసలి ఆర్వల్‌కి మాత్రం ఒకటే బెంగ. భార్య వెర్లీన్ ఎప్పుడో తిని పారేసిన ఆపిల్ గింజ ఆ ఒడ్డునే మొలిచి చెట్టయింది. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. ఎవరైనా పొరబాటున దాని మీద చెయ్యి వేస్తారేమోనని పెందలాడే వెళ్ళి ఎర్ర రిబ్బన్ కట్టాడు. తమ సంఘంలో రిబ్బన్ కట్టిన చెట్టు జోలికి ఎవరూ పోరు. అయినా మనసాగక ఇంకొకటి కట్టాడు. చివరికి రిబ్బన్ చుట్ట మొత్తం ఆ చెట్టుకే చుట్టేసి, అందరికీ కాఫీ తేవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు.

ఆ రోజు సాయానికి వాగు అవతలి సంఘం వాళ్ళు వచ్చారు. వాళ్ళలో రిబ్బన్ కడితే కొట్టెయ్యమని అర్థం. అన్ని రిబ్బన్లు చూసి, పాపం ఈ చెట్టుతో పెద్దాయన ఎంత విసిగిపోయాడో అనుకుని, రంపం మిషన్ ముందు దానికే పెట్టారు.

కాఫీతో తిరిగొచ్చిన ఆర్వల్‌కి వాళ్ళ నాయకురాలు మార్లా ఎదురొచ్చింది.

"మీరంత గట్టిగా చెప్పాక ఆలస్యం చేస్తామా ఆర్వల్ గారూ? మొట్టమొదట దాన్నే పడగొట్టాం," అంది.

ఆమె మొహంలో సంతోషం చూసి అతనికి నిజం చెప్పబుద్ధి కాలేదు.

"మంచి పని చేశారమ్మా," అన్నాడు.

అదే కొంప ముంచింది. పెద్దాయన మెచ్చుకున్నాడు కదా అని మొద్దును ముక్కలు కోసి, పొయ్యిలోకి పనికొస్తాయని అతని ట్రక్కులోకే ఎక్కించారు. అతని కళ్ళు తడవడం చూసి ఇంకా ఉత్సాహపడి, మళ్ళీ చిగురించకుండా మోడుకి మందు కూడా పూశారు.

అందరూ వెళ్ళాక ఆర్వల్ ఆ ఆపిల్ కొమ్మల కుప్ప దగ్గర నిలబడి ఏడ్చాడు. అడుగున ఆకులు కదిలాయి. పూరేళ్ళ గుంపు ఒకటి బెదురుబెదురుగా లోపలికి దూరి సర్దుకుంది. ఆ చెట్టు కింద వెర్లీన్ ఏళ్ళ తరబడి గింజలు చల్లి ఎదురుచూసినా ఒక్క పిట్టా రాలేదు.

ముందు పిట్టల సంగతి చెప్పి, ఆమె మురిసిపోతుండగా చెట్టు సంగతి మెల్లగా బయటపెడదామని ఇంటికెళ్ళే దారంతా అనుకున్నాడు. వంటింటి తలుపు తీసి "వెర్లీన్" అని పిలిచాక గానీ, సంజాయిషీ చెప్పుకునే అవసరం లేదని గుర్తు రాలేదు.